నాలుగు వేళ్ళ వెలితి

సెప్టెంబరు 28, ఆదివారం

ఈ నోటుబుక్కు నాన్న పెయింట్ల షాపులో ఊరికే ఇచ్చేది. అట్ట మీద "మా రంగు వెలవదు" అని అచ్చేశారు. ఆ అచ్చే వెలిసిపోయింది. అయినా ఇందులో నిజాలే రాస్తానని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. చదివేవాళ్ళు లేని చోట అబద్ధమాడి ప్రయోజనమేంటి?

మొదటి నిజం. అక్కకి సెలవు దొరికింది! ఆరు రోజులు. అక్టోబరు తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా. ఆసుపత్రిలో నర్సులకి వరసగా ఆరు రోజులు సెలవివ్వడం ఎంత అరుదంటే, ఆ కాగితాన్ని అక్క ఫోటో తీసి మరీ పంపింది. మేం కొండ ఎక్కబోతున్నాం. రెండు శిఖరాల నడుమ కనుమ దాకా.

రెండో నిజం. అక్టోబరు ఆఖరుకి అక్క వేరే ఊరి ఆసుపత్రికి మారిపోతోంది. రెండేళ్ళు. రైల్లో ఒక రాత్రి, ఒక పగలు. నాకేం బాధ లేదు. కిటికీ పక్క మంచం నాదవుతుంది. ఫ్యాను ఎంత తిప్పాలో నేనే నిర్ణయిస్తాను.

మూడో నిజం రాయడానికి కాస్త ధైర్యం కావాలి. పోయినేడాది కూడా బయల్దేరాం. కనుమ ఇంకొక్క రోజు నడక అనగా వెనక్కి తిరిగాం. కారణం నేను. స్టవ్‌లోకి తెచ్చిన కిరోసిన్ సీసాని బ్యాగులో అన్నిటికన్నా పైన, దిండు మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు అడ్డంగా పడుకోబెట్టాను. కింద తిండి. సాయంత్రం విప్పేసరికి ఓట్స్, నూడుల్స్, చక్కెర, అక్క కనుమ మీద తినాలని దాచుకున్న చాక్లెట్, అన్నిటిదీ ఒకటే రుచి. అక్క తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడకుండా దిగింది. ఆమె తిడితే నాకు ఆకలి పెరుగుతుంది, తిట్టకపోతే ముద్ద దిగదు.

అప్పట్నుంచి నా పేరు కిరసనాయిలు.

ఈసారి సీసా తనే మోస్తానంది. నన్ను టెంటు మోయమంది. టెంటు నాలుగింతలు బరువు, గౌరవం మాత్రం సున్నా. నాకు సీసా కావాలి. అక్క వెళ్ళిపోయేలోగా ఒక్కసారి ఆ సీసా నా చేతిలో పెట్టాలి. ఈ మాట పైకి అనలేదు. "కెమిస్ట్రీ డిగ్రీ ఉన్న మనిషి టెంటు మోయడం దేశానికి నష్టం" అన్నాను. అక్క వినిపించుకోలేదు.

సెప్టెంబరు 29

టెంట్ల ఆంటీ షాపుకి వెళ్ళాం. టెంట్లు, స్టవ్‌లు, బ్యాగులు అద్దెకిచ్చే ఆవిడ. మోకాళ్ళు అరిగేదాకా కొండలెక్కి, ఇప్పుడు కుర్చీలోంచి ఎక్కిస్తోంది. నన్ను చూడగానే నవ్వింది. కథ ఆవిడ దాకా చేరిందన్నమాట. చేరవేసిన మనిషి పక్కనే నిలబడి బ్యాగుల జిప్పులు లాగి చూస్తోంది.

ఆవిడ చెప్పిందంతా ఇక్కడ రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇక మీదట నేను ఈ శాస్త్రంలో పండితురాలిని. సీసా బ్యాగు లోపల పెట్టకూడదు. బయట పక్క జేబులో, నిలువుగా, మూత ఆకాశం వైపు చూస్తూ ఉండాలి. తిండి ఎప్పుడూ సీసా కన్నా పైన. కారినా కిందికి కారుతుంది తప్ప పైకెక్కి నీ చక్కెరని వెతుక్కోదు. దుప్పట్ల పక్కన వద్దు, టెంటు లోపల అసలే వద్దు. రాత్రికి బయట రాళ్ళ మధ్య నిలబెట్టాలి.

చివరికి ఎర్ర సీసా ఒకటి తీసి, మూతి దగ్గర నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి చూపించింది.

"ఇంత వెలితి ఉంచాలి. నిండా పోశావంటే ఎండకి ఉబ్బి, చోటు లేక మూతలోంచి దారి చూసుకుంటుంది. అర్థమైందా, కిరసనాయిలూ?"

వ్యాకోచం. మూడేళ్ళు చదివాను. పరీక్షల్లో పటం వేసి రాశాను, మార్కులూ వచ్చాయి. అది నా బ్యాగులోకి కూడా వస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు.

సెప్టెంబరు 30

అక్క మెట్టు దిగింది. ఒక షరతు మీద.

వారం రోజులు సీసా నిండా (క్షమించాలి, నాలుగు వేళ్ళు తక్కువగా) నీళ్ళు పోసుకుని, దాన్ని కిరోసిన్ అనుకుని, రోజూ ఆఫీసుకి మోసుకెళ్ళి తేవాలి. పక్క జేబులో. నిలువుగా. సాయంత్రం తను తనిఖీ చేస్తుంది. ఒక్క చుక్క కారినా టెంటే.

ఒప్పుకున్నాను. నిజం కిరోసిన్ అన్న భక్తి కలగాలని అక్క ఆసుపత్రి నుంచి తెచ్చిన తెల్ల టేపు ముక్క సీసాకి అంటించి, దాని మీద "కిరోసిన్. తాగరాదు" అని గుండ్రంగా రాశాను.

అక్టోబరు 1

మొదటి రోజు. పొడి.

అక్టోబరు 2

పొడి. ఇవాళ సెలవే అయినా షరతు షరతే, సీసాతో ఊరంతా తిరిగొచ్చాను. బస్సులో ఒకాయన నా సీసా మీద రాసింది చదివి, లేచి వేరే సీటుకి వెళ్ళిపోయాడు. కిటికీ సీటు దొరికింది. ఈ టేపుకి ఇంకా చాలా ఉపయోగాలున్నాయి.

అక్టోబరు 3

ల్యాబ్‌లో దాహమేసి సీసా ఎత్తి తాగాను. పక్క బల్ల అమ్మాయి కెవ్వుమంది. మాది నీళ్ళు పరీక్షించే ల్యాబ్. రోజుకి నలభై సీసాల నీళ్ళు నా చేతుల మీదుగా వెళ్తాయి. వాసన, రంగు, ఉప్పు, మురికి, అన్నీ తేల్చి సంతకం పెడతాను. "ఇది నీళ్ళు" అని నేను చెబితే అది నీళ్ళే. ఈ సంగతి ఆ అమ్మాయికి గంభీరంగా వివరించాను.

తాగిన మేరకి వెలితి ఆరు వేళ్ళయింది. ఇంటికొచ్చే ముందు కుళాయి దగ్గర సరిచేశాను. ఇది మోసం కిందకి రాదు.

అక్టోబరు 4

పొద్దున్న సీసాలోంచి గటగటా తాగి, మళ్ళీ కుళాయి కింద పట్టి నింపుతుంటే నాన్న చూశాడు. నాలుగు వేళ్ళు తక్కువగా కట్టేయడం ఆయన కళ్ళకి భరించరానిది. ముప్పై ఏళ్ళుగా టర్పెంటైన్, థిన్నరు విడిగా కొలిచి అమ్ముతున్నాడు. కొలత అంచు దాటి పైన ఉబ్బెత్తుగా నిలబడాలి, అప్పుడే గిరాకీకి ఇస్తాడు. ఇంట్లో టీ కూడా అంతే. మా ఇంట్లో టీ కప్పు ఎత్తడం అసాధ్యం. అందరం బల్ల మీదకి వంగి మొదటి రెండు గుక్కలు లాగేశాకే చేత్తో పట్టుకుంటాం.

ఆ ముప్పై ఏళ్ళలో ఆయన ముక్కు కూడా రిటైరయింది. గులాబీ అయినా మాడిన పాలయినా ఒకటే. ఏం మాడినా కనిపెట్టాల్సింది మేమే.

"వెలితిగా పట్టుకెళ్తావేంటే, ఇంట్లో నీళ్ళకి కరువొచ్చినట్టు" అన్నాడు.

వ్యాకోచం గురించి చెప్పబోయాను. బస్సొచ్చింది.

అక్టోబరు 6

పొడి. అక్క తనిఖీ చేస్తూ నవ్వు ఆపుకుంది. అది లెక్కలోకి వస్తుంది.

వంటింట్లో చక్కెర కోసం "మిరియాలు" డబ్బా తీస్తూ, ఈ సంగతి ఎక్కడా రాయలేదని గుర్తొచ్చింది. మా ఇంట్లో డబ్బా మీద రాసింది డబ్బాలో ఉండదు. రాతలు అమ్మవి. పచ్చ సిరా, కొంచెం కుడివైపు ఒరిగే అక్షరాలు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. మొదటి ఏడాదిలోనే లోపలి సరుకులు మా ఇష్టమొచ్చినట్టు మారిపోయాయి. చీటీలు మాత్రం ఎవరం పీకలేదు. "మిరియాలు"లో చక్కెర, "చక్కెర"లో సూదులు, "సగ్గుబియ్యం"లో కరెంటు బిల్లులు. చుట్టాలొస్తే అక్క పక్కనే నిలబడి అనువాదం చేస్తుంది.

అక్క వెళ్ళాక ఆ పని నాది. చేస్తాను. దానికేముంది?

అక్టోబరు 7

నెగ్గాను! వారం మొత్తం ఒక్క చుక్క కారలేదు. అక్క సీసాని తలకిందులు చేసి ఊపి, టిష్యూ కాగితంతో మూత చుట్టూ తుడిచి, ఆ కాగితాన్ని లైటు కింద పెట్టి చూసి, "సరే, నువ్వే మొయ్యి" అంది. అంతే అంది. నేను మాత్రం గదిలో నాలుగుసార్లు గెంతాను.

అక్టోబరు 8

సర్దడం పూర్తయింది. రాయకుండా నిద్ర పట్టదు.

సీసాలో నీళ్ళు పారబోసి, రెండు రోజులు ఆరబెట్టాల్సింది ఒక పూట ఆరబెట్టి, తెల్ల కిరోసిన్ పోశాను. చూడ్డానికి అచ్చం నీళ్ళే. మూతి దగ్గర నాలుగు వేళ్ళ వెలితి, కొలిచి మరీ. వరండాలో స్టవ్ గొట్టాన్ని నేరుగా సీసాకే బిగించి, వెలిగించి చూశాం. పంపు కొట్టగానే నీలం మంట, గుండ్రంగా, బుస్సుమంటూ. అక్క, నేను దాని ముందు కూర్చుని చాలాసేపు ఏమీ వండకుండా చూశాం.

కుడి పక్క జేబులో ఎర్ర సీసా, నిలువుగా. ఎడమ జేబులో నా స్టీలు మంచినీళ్ళ సీసా. తిండంతా పైన. బ్యాగుని గోడకి ఆనించి హాల్లో పెట్టాను. వెళ్ళి మళ్ళీ ఒకసారి చూసొచ్చాను. మూడుసార్లు, నిజం చెప్పాలంటే.

అక్టోబరు 9

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గుంతల్లో పడుతున్నాయి. పొద్దున్నే మేం తయారయ్యేలోపు నాన్న బ్యాగులు గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు. సాగనంపుతూ ఏదో నింపానని, వెలితిగా ఎవరైనా ఇంటి నుంచి బయల్దేరతారా అని గొణిగాడు. నాకు నా స్టీలు సీసా గుర్తొచ్చింది, సరేనన్నాను. అప్పటికే బస్సు హారన్ కొడుతోంది.

రాత్రి మళ్ళీ రాస్తున్నాను. కొండ కింద టీ బడ్డీ దగ్గర బస. వాళ్ళే వండి పెట్టారు. స్టవ్ తీసే పని లేదు.

అక్టోబరు 10, సాయంత్రం

పెన్ను గడ్డకట్టింది, పెన్సిల్‌తో రాస్తున్నాను.

పొద్దుటి నుంచి ఎంత బాగా నడిచాం. చెట్లు అయిపోయి గడ్డి, గడ్డి అయిపోయి రాళ్ళు. అక్క నా వెనక నడుస్తూ దారంతా సీసా వైపు చూడటం నాకు తెలుస్తూనే ఉంది. పొడి జేబు, మూత పైకి. ఇక్కడ గుడారం వేసి, గంభీరంగా స్టవ్ తీసి, సీసా మూత విప్పాను.

మూతి దాకా నిండుగా ఉంది.

నాలుగు వేళ్ళ వెలితి మాయం. వ్యాకోచం, అన్నాను అక్కతో. పగలంతా ఎండ తగిలింది కదా, ఉబ్బింది. అక్క తన చేతి గ్లౌజుల వైపు, నోట్లోంచి వస్తున్న పొగ వైపు చూసి, ఈ చలిలోనా అంది. ఎత్తు మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అలా అవుతుందని చెప్పాను. ఇది నేను అక్కడికక్కడే కనిపెట్టిన శాస్త్రం.

నాలుగు వేళ్ళ మేర గ్లాసులోకి వంచాను. కిరోసిన్ వాసనే. స్టవ్ వేడెక్కాలని, గ్లాసులోంచి రెండు చెంచాలు దాని కింది గిన్నెలో పోసి అంటిస్తే చక్కగా మండింది. పంపు కొట్టి తిప్పాను. దగ్గింది, ఉమ్మింది, చచ్చింది. పిన్నుతో రంధ్రం శుభ్రం చేశాను. మళ్ళీ వెలిగించాను. దగ్గింది, ఉమ్మింది, చచ్చింది. మూడోసారి కూడా.

ఇక్కడ కాల్చడానికి పుల్ల లేదు. ఇవాళ దిగాల్సిన వాళ్ళంతా మధ్యాహ్నమే దిగిపోయారు. తెచ్చిన తిండంతా ఉడికితే గాని తినలేం. చల్లని నీళ్ళలో ఓట్స్ నానబెట్టుకుని నమిలాం.

అక్క గిన్నె కింద పెట్టి, నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"నిజం చెప్పు. ఇది నీ జోకా?"

నా జీవితంలో నేను వేసిన జోకులు చాలానే ఉన్నాయి. అక్క టూత్‌పేస్టులో ఉప్పు, నాన్న షాపు రంగుల షేడ్ కార్డులో చుట్టాల పేర్లు. వాటన్నిటినీ ఆ క్షణంలో వెనక్కి తీసుకోవాలనిపించింది. కాదక్కా అన్నాను. రెండు మాటలే. అవి కూడా జోకులాగే వినిపించాయి.

పొద్దున్నే దిగిపోదాం అంది. గొంతులో కోపం లేదు. మళ్ళీ తిట్టలేదు.

సీసా బయట రాళ్ళ మధ్య నిలబెట్టి వచ్చాను. నిలువుగా. ఎవరూ చూడకపోయినా.

అక్టోబరు 11, పొద్దున

గబగబా రాస్తున్నాను. చలికి కాదు. (చలికి కూడా.)

సర్దుదామని బయటికి వెళ్ళి సీసా ఎత్తాను. ఊపాను. పైన గలగలమంటోంది, అడుగున మాత్రం బరువుగా, కదలకుండా ఏదో ఉంది. మూత తీసి టార్చి వేసి చూశాను. అడుగున తెల్లగా, గుండ్రంగా, బిళ్ళ.

మంచు.

కిరోసిన్ ఈ చలికి గడ్డకట్టదు. గడ్డకట్టేది ఒకటే, దాన్ని నేను రోజుకి నలభై సీసాలు చూసి సంతకం పెడతాను. కిరోసిన్ తేలిక, పైన తేలుతుంది. నీళ్ళు అడుక్కి పోతాయి. స్టవ్ గొట్టం పీల్చేది అడుగు నుంచి. నిన్న సాయంత్రమంతా నేను గొప్ప నిష్ఠతో నీళ్ళకి నిప్పంటించాను.

అక్కని కేకేశాను. ఆమె బయటికొచ్చేలోపే నా స్టీలు సీసాలో నీళ్ళు పారబోసి, కిరోసిన్ మొత్తం అందులోకి వంపేశాను. మంచు బిళ్ళ ఎర్ర సీసా అడుగునే అతుక్కుని ఉండిపోయింది, ఎంత మర్యాదగా వేరుపడిందో. మంచినీళ్ళ సీసాలో కిరోసిన్, కిరోసిన్ సీసాలో మంచినీళ్ళు. మా వంటిల్లు కొండెక్కి మా దగ్గరికొచ్చేసింది.

అది తట్టగానే నాన్న గొణుగుడు మొత్తం వినిపించింది, రెండు రోజులు ఆలస్యంగా. ఆయన నింపింది ఎడమ జేబు కాదు. వారం రోజులు నేను కుళాయి కింద పట్టిన సీసా, మీద "తాగరాదు" అని రాసినా గటగటా తాగిన సీసా, పైగా నాలుగు వేళ్ళు వెలితిగా ఉన్న సీసా. మూత తీసినా వాసన తెలియని ముక్కు. ఇక ఆ రాత సంగతంటారా, మా ఇంట్లో రాతని ఎవరు నమ్ముతారు?

అక్కకి చెప్పాను.

"నీళ్ళు పోసి మొయ్యమన్నది నేనే కదే" అని, అక్కడే రాయి మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఆమెని అంతగా నవ్వించిన జోకు ఇంతవరకు ఒక్కటీ లేదు, ఇది నాది కూడా కాదు.

ఎర్ర సీసాని జాకెట్ లోపల, సంకలో పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. బిళ్ళ కరిగింది. నీళ్ళు పారబోసి, సీసాని గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, నిన్న గ్లాసులోకి వంచింది కూడా కలిపి కిరోసిన్ తిరిగి పోశాం. వెలితి దానంతటదే వచ్చింది, సరిగ్గా నాలుగు వేళ్ళు. పంపు కొట్టాను.

బుస్సు. నీలం. గుండ్రంగా.

అక్క టీ పెట్టింది. రెండు కప్పులు నూడుల్స్ తిన్నాం, మళ్ళీ వండుకుని తిన్నాం. సీసా ఆరడానికి పోయిన గంటలు రాళ్ళ మీద వెళ్ళబుచ్చి, మధ్యాహ్నం బ్యాగులెత్తుకున్నాం. అక్క సీసా అందుకుని, టేపు మీద నా రాత ఒకసారి చదివి, తనే నా కుడి జేబులో నిలబెట్టి పట్టీ బిగించింది. దిగే దారి వైపు మేమిద్దరం చూడనైనా లేదు.

అక్టోబరు 12

కనుమ.

వచ్చేశాం! అవతల ఇంకా ఎన్ని కొండలున్నాయో. అక్క కళ్ళ వెంట నీళ్ళు. గాలికి అంది. నాకూ గాలే.

చాక్లెట్ తిన్నాం. చాక్లెట్ రుచే ఉంది.

అక్టోబరు 14

ఇల్లు. నాన్నకి చెప్పొద్దని బస్సులోనే అనుకున్నాం. గుమ్మంలోనే అడిగాడు, నీళ్ళు సరిపోయాయా అని. నేను తల వంచుకుని బూట్ల లేసులు విప్పడంలో మునిగిపోయాను.

"ఒక్క చుక్క కూడా పొల్లుపోలేదు నాన్నా" అంది అక్క.

చూశావా మరి, అన్నట్టు చూశాడు నా వైపు. టీ పోశాడు. ముగ్గురం బల్ల మీదకి వంగాం.

అక్టోబరు 22

అక్క పెట్టె సర్దుతోంది. నాకేం బాధ లేదు.

అక్టోబరు 30

పెట్టె మూతపడటం లేదు. నాన్న ఇంకా కుక్కుతున్నాడు. చివరికి దాని మీద కూర్చున్నాడు, అప్పుడు పడింది. అక్క ఆయన వెళ్ళాక తెరిచి రెండు స్వెట్టర్లు తీసి నాకిచ్చేసింది, ఉబ్బుతుందని.

అక్టోబరు 31

రైలు సాయంత్రం వెళ్ళింది. ఎక్కి కూర్చున్న పది నిమిషాలకే మెసేజ్ పెట్టింది. వచ్చే అక్టోబరుకి సెలవు అక్కడ చేరిన రోజునే అడుగుతుందట. సీసా నాదేనట. టెంటు కూడా నాదేనట. దీని మీద పోరాటం రేపట్నుంచి మొదలవుతుంది, నా వాదనలు సిద్ధంగా ఉన్నాయి. అవతలి కొండల పటం టెంట్ల ఆంటీ దగ్గర ఉంది, పొద్దున్నే వెళ్ళి తెస్తాను.

ఇంటికొచ్చాక నాన్న మా గదిలోకి తొంగి చూశాడు. అలమరలో అక్క అర వెలితిగా కనిపిస్తోంది, నీ బట్టలు అందులోకి సర్దనా అన్నాడు.

"ఉండనీ నాన్నా. చోటుండాలి" అన్నాను.

సరేనని తల ఊపి వెళ్ళాడు.

అర దగ్గరికి వెళితే అంచున తెల్ల టేపు ముక్క కనిపించింది. అక్క రాత. "ఖాళీ" అని రాసింది. దాన్ని పీకలేదు.

కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఈ నోటుబుక్కు మొదటి పేజీ తిరగేశాను. నాకేం బాధ లేదు అని రాసి ఉంది. చక్కటి గుండ్రటి అక్షరాలు, నా చేతిరాతే.

ఇదీ మా ఇంటి డబ్బానే.